ఊదా రంగుకు తిరిగిన కాగితం

ఒక మనిషి కన్ను నా వల్ల పోయింది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. రాశాక చూస్తే ఇంత చిన్నదా అనిపిస్తోంది. ఇన్నాళ్లూ దీన్ని మోసుకుంటూ బస్సెక్కాను. మోసుకుంటూనే అన్నం తిన్నాను. చెల్లెలి పెళ్లిలో దీన్ని మోస్తూనే ఫొటోకి నవ్వాను. ఆ ఫొటో మా ఇంటి గోడకి ఉంది. చూసిన వాళ్లంతా ఆ నవ్వులో ఏ లోపమూ లేదంటారు.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. బడిలో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తేదాన్ని కాదు. ఇంటికొచ్చి ఆ జవాబు డైరీలో రాసుకునేదాన్ని. ఇప్పటికీ రోజూ డైరీ రాస్తాను. ఇది జరిగిన రోజు పేజీలో మాత్రం ఎండ ఎక్కువగా ఉందనీ, బస్సులో సీటు దొరికిందనీ రాసి ఉంది. నా డైరీకి కూడా నేను అబద్ధం చెప్పాను.

కొట్టింది నేను కాదు. నా చేతిలో కర్ర లేదు, ఐసు పెట్టె ఉంది. ఈ మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చెప్పుకున్న ప్రతిసారీ ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తుంది. పచ్చి కొబ్బరిబోండాం మీద కత్తి పడ్డట్టు ఉంటుంది. అది మనిషి భుజం ఎముక.

మొదటి నుంచి చెబుతాను.

మాది కర్ణాటకలో కేజీఎఫ్. నాన్న బ్యాంకులో గుమాస్తా, అమ్మ టీచరు. నేను కోలారులో మైక్రోబయాలజీ చదివేదాన్ని. చివరి ఏడాది ప్రాజెక్టుకి చేపల జబ్బులు తీసుకున్నాను. పెంపుడు చేపలు కాదు. ఎవరూ చేపపిల్లల్ని తెచ్చి వదలకుండా చెరువుల్లో తమంతట తాము పుట్టి పెరిగే కొర్రమీను, పరక లాంటివి. వాటికి ఎండాకాలంలో ఒంటి మీద పుండ్లు పడతాయి. ఆ పుండు తెచ్చే బ్యాక్టీరియాని పట్టుకుని, అదేదో గుర్తించి, ఏ కుటుంబానికి చెందిందో తేల్చడం నా పని. నాకు ఇష్టమైన పని. అందులో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఈ చక్కెర తింటావా అని బ్యాక్టీరియాని అడగాలి. అది పసుపు రంగులోనో గులాబీ రంగులోనో జవాబిస్తుంది. అడిగేటప్పుడు నా గొంతు వణకదు.

బైరకూరు దాటాక ఒక ఊళ్లో మా మేనత్త ఉంటుంది. ఊరి పేరు రాయను. ఆమె కొడుకు శీనా బావ, అతని స్నేహితులు కలిసి ఆ ఏడు ఊరి చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలంలో పాడుకున్నారు. ఎండలు ముదిరేసరికి చేపలు చావడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. ముందు నాలుగు తేలాయి, తర్వాత పది, ఆ పైన గట్టంతా.

చెరువు నీటి అంచున మునెంకటప్ప అనే రైతు టమాటా తోట ఉండేది. యాభై దాటిన మనిషి, బక్కగా ఉంటాడు, నోరు పెద్దది. తోటకి మందు కొట్టాక ఆ డ్రమ్ము చెరువులోనే కడిగేవాడు. ఆ ఊళ్లో అందరూ అంతే చేస్తారు, కానీ బావ వాళ్లతో గొడవ పెట్టుకున్నది మాత్రం అతనొక్కడే. వాళ్లు వలలు అతని తోటలోంచి ఈడ్చుకెళ్లారని ఒకసారి వల కోసేశాడు. చేపలు తేలగానే ఊళ్లో మాట పుట్టింది. మునెంకటప్ప మందు పోసినాడు.

బావ సంచిలో ఐసు వేసుకుని చేపలు తెచ్చి కాలేజీ గేటు దగ్గర నాకిచ్చాడు.

"మా మామ కూతురు ల్యాబులో ఉండాది, అది చెప్పినాకే ఏమన్నా చేస్తామని ఊళ్లో చెప్పినా పాపా. నువ్వేమంటే అదే" అన్నాడు.

నేనేమంటే అదే. అంతకుముందు నా జీవితంలో ఎవరూ నాతో అనని మాట అది.

ఒక కొర్రమీను ఇంకా చావలేదు. బల్ల మీద పెడితే నోరు తెరిచి మూస్తోంది. పక్కటెముకల మీద చర్మం ఊడిపోయి, లోపలి ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. కనుగుడ్లు బయటికి తోసుకొచ్చాయి. దాని తల మీద ల్యాబు కల్వం రోకలితో కొట్టాను. ఒక దెబ్బకి చావలేదు. మళ్లీ కొట్టాను. ఈ పని నేను చెయ్యి వణకకుండా చేస్తాను, అది నీకు తెలియాలి. పొట్ట కోస్తే మూత్రపిండం ముద్దగా లేదు, నెత్తుటి జావలా కారిపోయింది. ఆ జావలోంచి తీగతో కొంచెం తీసి బ్యాక్టీరియా పెంచే ప్లేట్ల మీద గీశాను.

పుండ్లున్నాయి. పుండు ఒక్క రోజులో పడదు. విషం తాగిన చేప పుండు పడేదాకా బతకదు. విషమైతే కప్పలూ నత్తలూ కూడా చచ్చేవి. గట్టు మీద కప్పలు అరుస్తూనే ఉన్నాయని బావే మాటల మధ్యలో చెప్పాడు. ఇదంతా నాకు ఆ రోజే తెలుసు. నా కళ్లు నాకు నిజం చెప్పాయి. కానీ నాకు కళ్ల మీద నమ్మకం లేదు. పరీక్ష ఏమంటుందో అని చూశాను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టు. నా తప్పు ఈ చిన్న పనిలోనే ఉంది.

మా పనిలో ఒక పరీక్ష ఉంది. రసాయనంలో తడిపిన కాగితం మీద బ్యాక్టీరియాని రుద్దాలి. చేపలకి పుండ్లు తెచ్చే ఏరోమోనాస్ అయితే, పది లెక్కపెట్టేలోపు కాగితం ఊదా రంగుకు తిరుగుతుంది. ఊరికే పేగుల్లో బతికే మామూలు రకమైతే తిరగదు. కానీ ఆ బ్యాక్టీరియాని సాదా ప్లేటు మీద పెంచి తీయాలి. చక్కెర కలిపిన గులాబీ రంగు ప్లేటు మీదిది తీయకూడదు. అది చక్కెర తిని పులుపు పుట్టిస్తుంది, ఆ పులుపు వల్ల రావాల్సిన రంగు రాదు. ఈ మాట మా మేడమ్ నాకు ముందే రెండుసార్లు చెప్పింది. రెండోసారి అందరి ముందూ చెప్పింది.

సాదా ప్లేటు మీద కూడా గీసి పెట్టాను, కానీ అది పెరగడానికి ఇంకో రోజు పడుతుంది. బావ పొద్దున్నించి ఫోన్లు చేస్తున్నాడు. నేను గులాబీ ప్లేటు మీదిదే తీసి రుద్దాను. కాగితం తెల్లగానే ఉండిపోయింది.

బావకి ఫోన్ చేశాను. "జబ్బు తెచ్చేది కాదు బావా. సుమ్నే, ఊరికే పేగుల్లో ఉండే రకం" అన్నాను.

"అట్లయితే ఇంగ మందే కదా" అన్నాడు.

"అది నాకు తెలీదు" అన్నాను. అన్నాననే గుర్తు. అతనికి వినిపించేంత గట్టిగా అన్నానా? ఫోన్ అప్పటికే పెట్టేశాడేమో.

మర్నాడు పొద్దున సాదా ప్లేటు తయారైంది. ఎందుకో ఊరికే ఇంకోసారి రుద్దాను. కాగితం ఊదా రంగుకు తిరిగింది. నా కళ్ల ముందే, దెబ్బ తగిలిన చర్మం కమిలినట్టు, మధ్యలోంచి అంచులకి పాకింది. రెండో చేప నుంచి తీసింది రుద్దాను. అదీ కమిలింది. మూడోది కూడా.

మేడమ్ అప్పటికి రాలేదు. ఆ కాగితాలు ఫినాయిలు జాడీలో వేసి మూత పెట్టాను. బావకి ఫోన్ చేయడానికి అతని పేరు దాకా వెళ్లాను. నొక్కలేదు. నిన్న చెప్పింది తప్పని ఫోన్లో ఎలా చెప్పడం, పక్కన ఎవరెవరుంటారో, నవ్వుతారేమో. వెళ్లి చెబుదాం, పక్కకి పిలిచి మెల్లగా చెబుదాం అనుకున్నాను. ఇంకొన్ని చేపలు తేవాలని అటెండరుతో చెప్పి, ఐసు పెట్టె తీసుకుని బస్సెక్కాను. దారంతా ఆ వాక్యాన్ని మనసులో దిద్దుకున్నాను. నాకు మాట చెప్పాలంటే ఒక మూల కావాలి. గోడలున్న, ఇంకెవరూ లేని మూల. అది దొరకదేమో అన్న ఆలోచనే రాలేదు.

బస్సు దిగేసరికి చెరువు కట్ట మీద జనం ఉన్నారు.

మునెంకటప్పని తోటలోంచి ఈడ్చుకొచ్చారు. లుంగీ ఊడిపోయి, చారల డ్రాయరుతో ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది. అయినా నోరు ఆగలేదు. "డ్రమ్ము కడిగితే చేపలు చస్తాయంటే మీ నాయన కడిగిన రోజే చచ్చిండాల కదరా శీనా" అంటున్నాడు. వెనకాల ఎవరో నవ్వారు కూడా. అప్పుడు బావ నన్ను చూశాడు.

"ఇదో, వచ్చింది. అడగండి దాన్నే" అన్నాడు.

జనం జరిగి నాకు దారిచ్చారు. నా జీవితంలో అంతమంది నా కోసం జరగడం అదే మొదటిసారి.

"చెప్పు పాపా. అందరికీ వినపడాల. జబ్బా, కాదా?"

మునెంకటప్ప కూడా నా వైపు తిరిగాడు. "ఏమ్మా డాక్టరమ్మా, నిజం చెప్పు తల్లీ. నేనేం పోయలే" అన్నాడు.

బస్సులో దిద్దుకున్న వాక్యం నా నోట్లోనే ఉంది. నాలుక మీద దాని రుచి కూడా తెలుస్తోంది. బావ ముఖం చూశాను. గర్వంగా ఉంది. నా గురించి గర్వంగా ఉన్న ముఖం.

"కాదు" అన్నాను.

అంతే. నేనన్నది అదొక్క మాట.

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు హక్కుందో లేదో తెలియదు. కానీ సగం చెప్పి ఆపితే అది ఇంకో అబద్ధమవుతుంది. మొదటి దెబ్బ మందు కొట్టే పంపు ఇత్తడి గొట్టంతో పడింది. భుజం ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. పడిపోయాక కాళ్లతో తన్నారు. చెప్పుల కాళ్లు, బురద కాళ్లు, అందులో బావ కాలు కూడా ఉంది. ఒకడు జుట్టు పట్టి అతన్ని కుళ్లిన చేపల కుప్ప దగ్గరికి ఈడ్చాడు. "తిను, నువ్వు చంపిందే తిను" అంటూ ఒక చేపని నోట్లో కుక్కారు. రెక్కముల్లు చెంప లోపలినుంచి బయటికి వచ్చింది. అతను అరుస్తుంటే ఆ చేప తోక ఊగింది, బతికున్నట్టు. ఆ గొట్టం మళ్లీ లేచింది. ఈసారి ముఖం మీద పడింది. దాని చివర వంకర ముక్కు ఉంటుంది, మందు చిమ్మేది. అది కుడి కంట్లో దిగింది.

అరుపు ఆగిపోయింది. అరుపు కంటే దానికే ఎక్కువ భయం వేసింది.

నేనెక్కడున్నాను? అక్కడే ఉన్నాను. ఐసు పెట్టె రెండు చేతులతో పొట్టకి హత్తుకుని నిలబడ్డాను. ఆపండి అన్నానా? అనలేదు. ఏడ్చానా? గుర్తు లేదు. ఒక ఆడమనిషి, అతని భార్య, తోటలోంచి పరుగెత్తుకొచ్చి అతని మీద పడింది. ఆమెని చూశాక చేతులు దిగాయి. నన్ను మా అత్త ఇంటికి తీసుకెళ్లి, "ఎండకి పిల్ల వాడిపోయింది" అని మజ్జిగ ఇచ్చింది. తాగాను. ఉప్పు తక్కువైందని కూడా నాలుకకి తెలిసింది.

ఎందుకు అలా అన్నాను?

సిగ్గు అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. పిరికిదాన్ని, పదిమందిలో మాట మార్చలేకపోయాను అని. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు. దాని కింద ఇంకొకటి ఉంది. ఆ ఊరికి అంతకుముందు చేపల కోసం వెళ్లినప్పుడు ఈ మునెంకటప్పే కట్ట మీద పదిమంది ముందు నన్ను ఆపి, "ఏమ్మా చేపల డాక్టరమ్మా, చేపకి నాడి యాడ పట్టి చూస్తారో చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. అందులో చెడు ఏమీ లేదు. ఎవరినైనా అలాగే అంటాడు. జవాబుగా నేనూ ఒక మాటంటే అతనే ముందు నవ్వేవాడు. నేను తల దించుకుని బస్సెక్కి, ఇంటికొచ్చి డైరీలో అతని మీద నాలుగు పేజీలు రాశాను. ఎంత మంచి మాటలతో రాశానో, ఎంత కసిగా రాశానో.

కాదు అని నేనన్నప్పుడు ఆ నాలుగు పేజీలు నా గొంతులో ఉన్నాయా? మొదటి దెబ్బ పడ్డప్పుడు, ఒక్క క్షణం, రెప్పపాటంత, నాకు హాయిగా అనిపించిందా?

అనిపించింది.

ఇది రాసి పెన్ను పక్కన పెట్టి, లేచి నీళ్లు తాగి వచ్చాను. ఆ మాట కొట్టేస్తానేమో అనుకున్నాను. కొట్టేయలేదు.

కన్ను తీసేశారు. కేసు అన్నారు, తర్వాత ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేశారు. వాడు మందు పోశాడు, వీళ్లు కొట్టారు, సరికి సరి అన్నారు. ల్యాబులో కూడా జబ్బు కాదన్నారు కదా అని ఒకరన్నారట. నా కాదు అనే మాట అతని ఎదురు పక్షాన సాక్షిగా కూర్చుంది. ప్రాజెక్టులో మాత్రం నేను సరిగ్గానే రాశాను. ఏరోమోనాస్ అని, అన్ని పరీక్షలతో సహా. వచ్చిన పరీక్షాధికారి గుర్తింపు చక్కగా చేశావని మెచ్చుకున్నాడు. నిజాన్ని మార్కులకి వాడుకున్నాను. మనిషికి అవసరమైనప్పుడు వాడలేదు.

ఇప్పుడు నేను వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. తినే వస్తువులు తయారవుతాయి, వాటికి వాడే నీళ్లు నేను పరీక్షిస్తాను. రోజూ కాగితం మీద రుద్దుతాను. సాదా ప్లేటు మీదిదే తీస్తాను. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

ఈ మధ్య గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ వచ్చాడు. నీలం చొక్కా, నల్ల కళ్లజోడు, ఒక భుజం కిందికి జారి ఉంటుంది. కార్డు చూపించబోతే, "నువ్వు చేపల డాక్టరమ్మ కదా" అన్నాడు. మునెంకటప్ప. తోట అమ్మేశాడట. కూతురు ఇక్కడే ఉంటే వచ్చేశాడట.

నా ముఖం చూసి అతనే అందుకున్నాడు. "నీ మింద నాకేం కోపం లేదు పాపా. నువ్వు చదివింది నువ్వు చెప్పినావు. నేను పోయలేదనే అనుకుంటి. కానీ డ్రమ్ము ఆడే కడిగినా కదా. ల్యాబులోనే జబ్బు కాదన్నాక ఇంగ యాడనుంచి వస్తాది చావు? అన్ని ప్రాణాలు నా చేత్తోనే పోయినాయి. ఇప్పుడు ఇంట్లో చేపల పులుసు చేస్తే నాకు ముద్ద దిగదు."

కొట్టినవాళ్లు అతని కన్ను తీసుకున్నారు. నేను అంతకంటే లోపలిది తీసుకున్నాను. అతనికి తన మీదున్న నమ్మకం తీసుకున్నాను. ఈ మనిషి చేయని చావులకి తల వంచుకుని నా గేటు తీస్తున్నాడు.

"టైమయింది" అని లోపలికి వెళ్లిపోయాను.

అప్పటి నుంచీ రోజూ అతను గేటు తీస్తాడు. రోజూ నేను తల ఊపుతాను. చెబితే? ఉద్యోగం పోతుందని భయమా? బావ మీద మళ్లీ కేసు వస్తుందనా? ఇవన్నీ నేను పేర్చుకున్న గోడలు. నాకు మూల కావాలి కదా. చెబితే అతను క్షమిస్తాడేమో అన్న ఆశ నాకు లేదు. క్షమించకూడదనే అనుకుంటున్నాను. క్షమిస్తే అది కూడా అతని దగ్గర తీసుకోవడమే అవుతుంది. అతని వస్తువు ఒకటి నా దగ్గరుంది. అది తిరిగి ఇవ్వడం వేరు, దానికి బదులు ఏదైనా అడగడం వేరు.

ఈ పొద్దున షిఫ్టుకి ముందు, జడ వేసుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను. కట్ట మీద అనాల్సిన మాటని, ఆ రోజు బస్సులో దిద్దిన మాటని, ఒక కాగితం ముక్క మీద మా యాసలోనే రాశాను. తర్వాత, నాకే తెలియకుండా, పైకి చదివాను.

"వదలండి బావా. ఇది జబ్బే. ఆయప్ప ఏం చేయలే. నేను చెప్పిందే తప్పు."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. సన్నగా ఉంది, కానీ పలికింది. ఛాతీలో ఏదో కొంచెం జరిగింది. బరువు తగ్గలేదు. జరిగింది.

వంటింట్లోంచి అమ్మ, "ఎవరితో మాట్లాడతా ఉండావే?" అంది.

చిన్నప్పటి నుంచీ ఈ ప్రశ్నకి నా జవాబు ఒకటే. ఎవరితోనూ లేదమ్మా. అదే నోటి దాకా వచ్చింది.

"మునెంకటప్పతో" అన్నాను.

గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది. కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ అమ్మ ఇటే వస్తోంది.